గ్రావెల్ రావుగారి సైకిల్

హైటెక్ సిటీలో సైకిల్ కొనుక్కునేవాళ్లు వేరు, కట్టుకునేవాళ్లు వేరు. మొదటి రకంవాళ్లు షాపుకెళ్లి, నచ్చినదాన్ని తొక్కి చూసి, డబ్బు కట్టి, సాయంత్రానికల్లా ఇంటికొచ్చేస్తారు. వాళ్ల గురించి రాయడానికేమీ లేదు. రెండో రకానికి గ్రావెల్ రావు అని పేరు పెట్టుకుందాం. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో పదో అంతస్తులో ఉంటాడు. వయసు నలభైకి అటూ ఇటూ. ఆఫీసులో చేతికింద బోలెడుమంది ఉంటారు గానీ చేతిలో పనంటూ ఉండదు. రోజంతా మీటింగుల్లో ఇతరుల పని గురించి మాట్లాడి మాట్లాడి ఇంటికొస్తాడు. అందుకే చేత్తో చేసే పనంటే ఆయనకి మనసు గుంజుతుంది. అలాగని వంటింట్లో కుళాయి కారుతుంటే పట్టించుకుంటాడనుకోకండి. దానికి యాప్‌లో ప్లంబర్ ఉన్నాడు.

ముందుగా వచ్చేది కార్బన్ ఫ్రేము. చైనా నుంచి పెద్ద అట్టపెట్టెలో వస్తుంది, లోపల ఉండేది మాత్రం కిలో పైచిలుకు సరుకు. పెట్టె కంటే ముందు కస్టమ్స్ సుంకం కట్టమని మెసేజి వస్తుంది. రావు తెలివితక్కువగా పార్సెల్‌కి భార్య ఫోన్ నంబరిచ్చాడు. ఆవిడదీ ఐటీయే, అందులోనూ టెస్టింగు.

"ముప్పైవేల సైకిలన్నావు, సుంకమే ఇంతేంటి?"

"అబ్బే, అది ఫ్రేము మాత్రమే. సైకిల్ కాదు" అన్నాడు రావు, ధైర్యం చెప్పే గొంతుతో.

"అంటే సైకిల్ ఇంకా కొనలేదా?"

కొనలేదు మరి. ఎక్సెల్ షీటు అప్పుడే తెరిచాడు. షిమానో కంపెనీ 2019లో గ్రావెల్ బళ్ల కోసమని అంటే కంకర దారుల సైకిళ్ల కోసమని, ప్రత్యేకంగా తెచ్చిన జీఆర్ఎక్స్ గేర్లు ఒక వరసలో, 40 మిల్లీమీటర్ల టైర్లు ఒక వరసలో, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ ఒక వరసలో. ఈ బాటమ్ బ్రాకెట్‌లో ఎన్ని రకాలున్నాయో చెప్పడం మొదలెడితే ఆఫీసు క్యాంటీన్లో ఆయన బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ అయిపోతాయి. ఇన్ని వరసలు రాసుకున్న మనిషికి చివరికి చక్రాలు వచ్చాయి గానీ వాటి హబ్బు శ్రామ్ వాళ్ల గేర్లకి సరిపోయేది. షిమానో పళ్లచక్రాలు దాని మీద కూర్చోవు. మళ్లీ ఆర్డరు, మళ్లీ ఎదురుచూపు, మళ్లీ మెసేజి. ఈసారి నంబరు తనది.

ఈ తతంగమంతటిలో మనిషి అసలు రంగు బయటపడేది ఫోర్కు గొట్టం కోసేటప్పుడు. హ్యాండిల్ కిందుగా పైకి పొడుచుకొచ్చే గొట్టాన్ని మన ఎత్తుకి తగ్గట్టు కోసుకోవాలి. పొడవు మిగిలితే ఇంకోసారి కోయొచ్చు, తక్కువైతే కొత్త ఫోర్కు కొనడమే. రావు మాస్కు పెట్టుకున్నాడు, టేపు చుట్టాడు, సన్నపళ్ల రంపం బ్లేడు బిగించాడు. అంతలో ఊర్నుంచి తల్లి ఫోను: "ఒరే, శనివారం తొమ్మిదింటి నుంచి పదిన్నరదాకా రాహుకాలంరా, ఇప్పుడేం కోయకు." తనకలాంటి పట్టింపులు లేవని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. ఆ పూట మాత్రం కాఫీ కలుపుకుని, కొలతలు ఇంకోసారి సరిచూసుకుంటూ కూర్చుని, పది ముప్పై ఒకటికి రంపం చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాతది బ్రేకు గొట్టం. ఈ సైకిల్‌కి తీగ బ్రేకులు లేవు. నూనె పారే సన్నటి గొట్టం హ్యాండిల్ దగ్గర ఫ్రేములోకి దూరి, లోపల్లోపలే వెళ్లి వెనకచక్రం దగ్గర తేలాలి. రావు తోస్తున్నాడు, అది మధ్యలో ఎక్కడో మొండికేస్తోంది. టార్చి పెట్టి చూశాడు, అయస్కాంతం తెచ్చాడు, ఫ్రేముని తలకిందులు చేసి దులిపాడు. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు వత్తులు చేసుకుంటూ ఇదంతా చూస్తున్నారు.

"ఏం బాబూ, లంగాకి బొందెక్కించినట్టుందే. పిన్నీసు తేనా?"

రావు నవ్వలేదు. ఇది ఇంటర్నల్ రూటింగ్ అండీ అన్నాడు. ఆవిడ ఇంకాసేపు చూసి, "ముందు దారం పంపండి, దాని కొసకి గొట్టం కట్టి లాగితే అదే వస్తుంది" అన్నారు. దారం ఎలా పంపడం? అవతలి రంధ్రం దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెడితే వత్తుల దారం సర్రున వెళ్లింది, దాని వెనకాలే గొట్టమూ వచ్చేసింది. మర్నాడు సైకిల్ మిత్రులకి రావు ఆ పద్ధతిని విడియోతో సహా వివరించాడు. అత్తగారి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

ఇక మిగిలింది బోల్టులు బిగించడం. కార్బన్‌ని ఇష్టమొచ్చినట్టు బిగిస్తే చిట్లుతుంది కాబట్టి దానికో టార్క్ రెంచి ఉంటుంది. అయిదు న్యూటన్ మీటర్లకి టక్కుమంటుంది. ఆ టక్కు వినడం కోసం బిగించిన బోల్టునే మళ్లీ బిగించే జబ్బు ఈ జాతికి ఉంది.

తయారైన బండిని మామగారు చుట్టూ తిరిగి చూశారు.

"స్టాండేదండీ?"

"బరువని పెట్టలేదండీ."

"కారియరు? మడ్గార్డు? బెల్లు?"

"అవీ అంతేనండీ."

"పోనీ గోడకి ఆనిస్తారా?"

"పెయింటు గీసుకుపోతుంది."

అందుకని హాల్లో టీవీ పక్కన కొక్కేనికి వేలాడదీశారు. టైటానియం బోల్టులతో పొదుపు చేసిన గ్రాములు, ఫ్రేముకి కట్టిన సంచీలో పులిహోర డబ్బా పెట్టగానే వడ్డీతో సహా తిరిగొచ్చాయి. అది వేరే సంగతి.

అన్నీ కుదిరాయి, కంకర రోడ్డు తప్ప. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో అన్‌బౌండ్ అని 2006 నుంచీ జరుగుతున్న పందెం ఉంది. అందులో 200 మైళ్లు, అంటే మన 320 కిలోమీటర్ల పైన, కంకర బాటల మీదే తొక్కుతారు. రావు దాని విడియోలు చూసే ఈ రొంపిలో దిగాడు. మరి మనకో? ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సైకిల్ ట్రాకుంది. 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల నీడ, కింద నున్నటి దారి. దాని మీద రావు గుబ్బల టైర్లు గుర్రుమంటూ పోతుంటే, గేర్లే లేని సైకిళ్ల మీద పిల్లలు దాటేసి వెనక్కి తిరిగి చూస్తారు. కోకాపేటలో మట్టి దారులుండేవని ఎవరో చెబితే అటూ వెళ్లాడు. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం వందకోట్లు దాటింది. ఆ మట్టి మీద ఊరికే టైరు పెట్టనిస్తారా? చుట్టూ రేకులు కట్టేశారు, వాచ్‌మన్ కర్ర ఊపాడు. గండిపేట వైపు కాస్త దారి దొరికింది గానీ దానితోపాటు సర్కారు తుమ్మముళ్లూ దొరికాయి. టైరులో పోసిన జిగురు ద్రవం చిన్న చిన్న కంతల్ని తనే పూడ్చుకుంటుందంటారు. నిజమే, పూడ్చింది. సగం మాత్రం రావు పిక్కల మీద చిమ్మింది.

ఇంతలో వానలకి ముందు, అపార్టుమెంటు గేటు నుంచి మెయిన్‌రోడ్డు దాకా డ్రైనేజీ పైపుల కోసం తవ్వేశారు. పైపులు వేశారు, కంకర పోశారు, మనుషులు వెళ్లిపోయారు. స్కూటర్లు జారుతున్నాయి, స్కూలు బస్సు లోపలికి రానంటోంది, ఆటోవాడు పాతిక ఎక్కువడుగుతున్నాడు. రావు మాత్రం రోజూ తెల్లారగట్ల అయిదింటికి ఆ అరకిలోమీటరులోనే పైకీ కిందికీ తిరుగుతున్నాడు, మొహంలో కాన్సస్ వెలుగుతో. రోడ్డు వేయించమని అందరూ అర్జీ మీద సంతకాలు పెట్టారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు పదో అంతస్తుకి రెండుసార్లు ఎక్కి దిగారు.

"ఒక్క మీదే మిగిలింది రావుగారూ."

"తొందరేముంది సార్, వానలు వెళ్లనివ్వండి" అన్నాడు రావు, టార్క్ రెంచి తుడుచుకుంటూ.