అమావాస్య చూసుకుని బయల్దేరండి

తక్కువ డబ్బుతో అండమాన్ వెళ్లే కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి మాట వింటే ఇంట్లో పెద్దవాళ్లు కసురుకుంటారు: ప్రయాణం అమావాస్య చుట్టూ పెట్టుకోండి. పౌర్ణమి అయినా సరే. ఆ రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో సముద్రం బాగా పొంగుతుంది, అంత బాగానూ వెనక్కి పోతుంది. ఆటు వేళకి నీల్ ద్వీపం చేరిన ప్యాకేజీ వాళ్లు స్నానానికి నీళ్లు లేవని విసుక్కుని బండెక్కేస్తారు. మీరు సరిగ్గా అప్పుడే వెళ్లండి. అక్కడి రాతి వంతెన దాకా నడవగలిగేదే ఆటు సమయంలో. నీళ్లు తీశాక రాళ్ల మధ్య బెత్తెడు లోతు గుంటలు మిగులుతాయి. ఒక గుంట పక్కన గొంతుకూర్చుని కాసేపు కదలకుండా ఉండండి. ఖాళీగా కనిపించిన చోటే రాయి రంగు పీత ఒకటి జరుగుతుంది, నల్లటి సముద్ర దోసకాయ కంటబడుతుంది, గోరంత చేపలు మీ నీడ పడగానే రాతి కిందికి దూరతాయి. స్నార్కెలింగ్‌కి డబ్బుల్లేనివాళ్లకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. చెప్పులు మాత్రం విడవకండి, పగడపు రాయి పాదాన్ని కోసేస్తుంది. బతికున్న పగడాన్ని తొక్కకండి. చనిపోయిన ముక్కయినా జేబులో వేసుకోకండి, అది వన్యప్రాణి చట్టం కింద నేరం.

డబ్బు తక్కువున్నవాళ్లు రోజులు కూడా పొదుపు చేస్తారు, అక్కడే చెడుతుంది. నాలుగు రోజుల్లో ఏడు చోట్లు చూడాలనుకుంటే ప్రతి గంటకీ డబ్బే పెట్టాలి. చోట్లు తగ్గించండి, సెలవులు పెంచండి. వీలైతే విశాఖ నుంచి ఓడెక్కండి. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. ఆ ఓడ రోజూ ఉండదు కాబట్టి షెడ్యూలు వచ్చాకే ఆఫీసులో సెలవు అడగండి.

హేవ్‌లాక్‌కి ప్రైవేటు కేటమరాన్ గంటన్నరలో పోతుంది, సర్కారు ఫెర్రీకి రెండున్నర గంటలు. ఆలస్యంగా పోయేదే ఎక్కండి. టికెట్ చవక, సరే. అసలు సంగతి, అందులో మిమ్మల్ని ఏసీలో అద్దాల వెనక కూర్చోబెట్టరు. డెక్ మీద నిలబడితే నీళ్లలోంచి లేచి చాలా దూరం ఎగిరిపోయే చేపలు కనిపిస్తాయి. పక్కన కూరగాయల బుట్టలతో, ఆసుపత్రి కాగితాలతో ద్వీపం మనుషులు ఉంటారు. వాళ్లలో తెలుగువాళ్లూ తగులుతారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు. ఏ లాడ్జి చవకో, చేపల పులుసు ఎక్కడ తినాలో, రేపు ఆటు ఎన్ని గంటలకో వాళ్లని అడగండి. టికెట్ మీద హేవ్‌లాక్ బదులు స్వరాజ్ ద్వీప్, నీల్ బదులు షహీద్ ద్వీప్ అని ఉంటే కంగారుపడకండి, 2018లో పేర్లు మార్చారు.

ఇక గుంపు పడవ. పోర్ట్ బ్లెయిర్ నుంచి రాస్, నార్త్ బే కలిపి తిప్పే టికెట్ ఒంటరిగా వెళ్లేవాళ్లకి గిట్టుబాటే. అందరూ ముందు సీట్లకి తోసుకుంటారు. మీరు వెనక సరంగు దగ్గరికి పోండి, అల తగిలితే ఎక్కువ ఎగిరిపడేది ముందు భాగమే. డీజిల్ వాసన పడనివాళ్లు మధ్యలో కూర్చోవచ్చు. వాంతులవుతాయని ఖాళీ కడుపుతో ఎక్కమనేవాళ్ల మాట వినకండి, రెండు ఇడ్లీలు తినే ఎక్కండి. నార్త్ బేలో దిగగానే సీ వాక్, స్కూబా, బనానా బోట్ అంటూ చుట్టుముడతారు. ఏదీ కొనకుండా నడవండి. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్న దీపస్తంభం ఇక్కడిదే, దాన్ని చూడటానికి మనిషి సాయం అక్కర్లేదు.

ఓపికంతా రాస్‌కి దాచుకోండి. 1858 తర్వాత ఇంచుమించు ఎనభై ఏళ్లు బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌ని ఏలింది ఈ చిన్న దీవి నుంచే. ఖైదీల చేత కట్టించుకున్న చర్చి, బేకరీ, బంగళా అన్నీ శిథిలాలు. మర్రిజాతి చెట్ల వేళ్లు గోడల్ని పెనవేసుకుని ఉంటాయి. ఇటుకలు రాలిపోయిన చోట కూడా ఆ వేళ్లు గోడ ఆకారంలోనే నిలబడి ఉంటాయి. సెల్యులార్ జైలు చూసిన మర్నాడు ఇక్కడికి రండి. ఎవరి రెక్కల కష్టం మీద ఎవరు సుఖపడ్డారో ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బు కట్టేసిన పడవని కూడా వదిలేయండి అంటాను, ఇది బతిమాలి చెబుతున్న మాట. జనం ఎక్కువైనట్టు కనిపించినా, లైఫ్ జాకెట్ అందకపోయినా జెట్టీ మీదే ఆగిపోండి. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పరిమితికి మించి ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. టికెట్ డబ్బు గురించి మొహమాటపడకండి, తోటివాళ్లు నవ్వినా ఎక్కకండి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజంతా ఏ ద్వీపమూ పెట్టుకోకండి, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. గాలి ముదిరితే ఫెర్రీలు ఆపేస్తారు. 2016 డిసెంబరు తుఫానులో వందలమంది హేవ్‌లాక్‌లో, నీల్‌లో చిక్కుకుపోయారు. ఒక రాత్రి లాడ్జి ఖర్చు అదనం, పెట్టండి. ఆ పగలు చాథం రంపపు మిల్లుకి వెళ్లి రావచ్చు. అది 1883 నాటిది, ఊళ్లోంచి వంతెన దాటితే చాలు, పడవ అక్కర్లేదు. ఆదివారం మాత్రం మూసి ఉంటుంది.