ఎడమ చేయి

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 4,000 అడుగులకు పైన ఉంటుంది హార్స్‌లీ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ దొర అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాక ఆ పేరొచ్చింది గానీ, చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండే. 1988 వేసవిలో మా బడి స్కౌట్లం పదిరోజులు అక్కడ గుడారాల్లో ఉన్నాం. నాకప్పుడు పదమూడేళ్లు. నీలగిరి ఆకు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆ గుడారమే గుర్తొస్తుంది.

మా సారు నేర్పినవాటిలో రెండు మాత్రం మనసులో నాటుకుపోయాయి. ఒకటి ఎడమచేతి కరచాలనం. ఎడమ చేత్తో ఏదన్నా అందిస్తే ఇంట్లో అవ్వ మొట్టికాయ వేసే రోజులవి. అలాంటిది, స్కౌట్లు ఏ దేశంలో కలుసుకున్నా ఎడమ చేయే కలుపుతారని సారు చెబితే నోళ్లు తెరిచాం. “యుద్ధంలో డాలు పట్టుకునేది ఎడమ చేయి. ఆ డాలు కిందపెట్టి నీకు చేయి చాచినాడంటే, నిన్ను పూర్తిగా నమ్మినాడని అర్థం రా” అన్నారాయన.

రెండోది బోలైన్ ముడి. ఎంత బరువు పడినా ఆ ఉచ్చు బిగుసుకోదు, విప్పబోతే సులువుగా వచ్చేస్తుంది. లోయలోకి జారినవాడు ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తోనే నడుముకు తాడు కట్టుకోవాలి కాబట్టి, దాన్ని ఒంటిచేత్తో వేయడం నేర్చుకోమనేవారు సారు. పదిరోజులూ తంటాలుపడ్డాం. వచ్చింది ఒక్కడికే. మేం వాణ్ణి ముడులోడు అన్నాం. ఆ పేరే ఉండిపోయింది.

ఒక రాత్రి గాలివానకు మా గుడారం మేకులు లేచిపోయాయి. నేను ఏడుస్తుంటే ముడులోడు నా మణికట్టుకూ తన మణికట్టుకూ ఒకే తాడు కట్టి, “పోతే ఇద్దరం పోతాం, పడుకోరా” అన్నాడు. తెల్లవారి లేచేసరికి తాడు అలాగే ఉంది.

పదో తరగతితో వాడి చదువు ఆగింది. ఊళ్లో చెరకు సేద్యం, సొంత గానుగ, బెల్లం వంటకం. మేం బెంగళూరు, హైదరాబాదు, డాలస్ చేరాం.

వాట్సాప్ గ్రూపు పెట్టుకున్న ఆరేళ్లకు, 2024 మేలో, మళ్లీ ఆ కొండమీదే కలుసుకున్నాం. తొమ్మిదిమందిమి కార్లలో వచ్చాం. 1859లో నాటారని చెప్పే ‘కల్యాణి’ నీలగిరి చెట్టు కింద ఒకరినొకరం కావలించుకున్నాం, చేతులు కలుపుకున్నాం. ముడులోడు ఆఖరున బస్సులో వచ్చాడు. కొండగాలికి దుప్పటి నిండా కప్పుకున్నాడు. “బాగుండారా అందరూ?” అంటూ ఎడమ చేయి చాచాడు.

మేమంతా ఒక్క క్షణం నిలబడిపోయాం. తర్వాత గొల్లున చప్పట్లు. మాలో ఒక్కరికీ గుర్తులేదు. అప్పటిదాకా కలుపుకున్నవన్నీ కుడిచేతులే. “స్కౌటంటే నువ్వేరా!” అని వాడి వీపు తట్టాం. వాడు తలవంచుకుని నవ్వాడు.

ఎవరో కారులోంచి తాడు తెచ్చారు. దుప్పటి తీయకుండానే, ఎడమ చేత్తోనే నడుముచుట్టూ తాడు తిప్పి, బోలైన్ వేసేశాడు. చిన్నప్పుడు కుడిచేత్తో వేసేవాడు, ఇప్పుడు ఎడమచేత్తో కూడా నేర్చుకున్నాడని మురిసిపోయాం. ఫోన్లన్నీ వాడిమీదే. ఆ వీడియో అప్పటికప్పుడు గ్రూపులో పెట్టాం.

మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. సంగటి ముద్ద చూస్తే ప్రాణం లేచొచ్చే మనిషి, ఆకు ముందర కూర్చోనేలేదు. “శనివారం గదా, ఒక్కపొద్దు ఉండా” అని గ్లాసుడు మజ్జిగ తాగాడు. బలవంతం చేయడం బాగుండదని ఊరుకున్నాం.

సాయంత్రం కారులో దింపుతామంటే వినలేదు. నేనొక్కణ్ణే బస్సుదాకా వెళ్లాను. ఆ గాలివాన రాత్రి సంగతి ఎత్తాను. “ఆ తాడు ఇంట్లో ఇంకా ఉందిరా” అన్నాడు. బస్సు కదలబోతోంది. టికెట్ డబ్బులు పళ్లమధ్య కరుచుకుని, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. గాలికి దుప్పటి భుజంమీంచి జారింది. కుడిచేయి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

నేను కేకవేసేలోగా బస్సు మలుపు తిరిగింది.

అక్కడే రాతిమీద కూలబడి గ్రూపులో వాడి పేరు వెతికాను. ఆరేళ్లలో వాడు పెట్టినవి నాలుగే మెసేజీలు. మూడు సంక్రాంతి శుభాకాంక్షలు. నాలుగోది 2022 జనవరిలోది.

“గానుగలో చెయ్యి ఇరుక్కుంది. మణికట్టు కాడికి తీసేసినారు. తిరుపతి ఆస్పత్రిలో ఉండా. డబ్బులేం వద్దు. ఎవురన్నా ఒకసారి వచ్చి పోతారా?”

దాని కింద జోడించిన చేతుల బొమ్మలు పదకొండు ఉన్నాయి. మూడోది నాది.