స్లాబు మీది నుంచి ఒక మనవి

మహారాజశ్రీ వేసవి సలహాల ఉన్నతాధికారి గారికి, కరీంనగర్ లేబర్ అడ్డా మీద నిలబడే కూలీలు రాసుకున్న బహిరంగ లేఖ.

విషయం: మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఇల్లు కదలొద్దన్న తమరి మెసేజ్ గురించి.

అయ్యా,

మెసేజ్ అందింది. తప్పనిసరై బయటికి వెళ్తే గొడుగు పట్టుకోవాలని, లేత రంగు నూలు బట్టలు వేసుకోవాలని, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగుతూ ఉండాలని కూడా అందులో ఉంది. అడ్డా మీద ఒకడు చదివి వినిపిస్తే అందరం తలలూపాం. అంతలో మేస్త్రీ వచ్చి ఇవాళ స్లాబు ఉంది, ఎక్కండి అన్నాడు. ట్రాలీ ఎక్కాం.

ఇల్లు కదలొద్దన్న చోటే చిన్న చిక్కు వచ్చింది. పన్నెండింటికి మేమున్నదీ ఇంట్లోనే. కాకపోతే ఆ ఇల్లు వేరేవాళ్లది, దానికింకా కప్పు పడలేదు. కప్పు వేయడానికే మమ్మల్ని పిలిచారు. గొడుగు సంగతంటారా, ఒక చెయ్యి నెత్తిమీది గమేళాకు, ఇంకోటి నిచ్చెనకు సరిపోయింది. మూడోది దేవుడు మంజూరు చేయలేదు.

తమరి సలహాకు వంక పెట్టడం లేదు. చిరునామా తప్పిందంటున్నాం. పన్నెండింటికి పని ఆపడం మా చేతిలో లేదు. మేస్త్రీ చేతిలోనూ లేదు. గుత్తేదారు చేతిలో, ఇంటి ఓనరు చేతిలో ఉంది. ఆ మెసేజ్ వాళ్లకూ వచ్చే ఉంటుంది, తు.చ. తప్పకుండా పాటించారు కూడా. సరిగ్గా పన్నెండింటికి నీడకు వెళ్లిపోయారు.

స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకు పడి, వానాకాలంలో అక్కడే కారుతుంది. పొద్దున ఎనిమిదింటికి కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలైతే పని ఒడిసేదాకా తిరగాల్సిందే. అదే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు చాలామటుకు అయిపోతుంది. దానికి నాలుగు లైట్లు కావాలి, మిల్లరువాడికి కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలని అడిగితే గుత్తేదారు ఓనరును చూస్తాడు, ఓనరు ఆకాశం చూస్తాడు.

ఎండకు జాగ్రత్తలే లేవని మేం అనం. ఉన్నాయి, కాంక్రీటుకు. భారతీయ ప్రమాణాల సంస్థవారు 1975లోనే ఎండల్లో కాంక్రీటు పని ఎట్లా చేయాలో ఐఎస్ 7861 అని ఒక పుస్తకం వేశారు. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు దాటకూడదట. కంకర కుప్పకు నీడ వేయాలట, కలిపే నీళ్లలో అవసరమైతే ఐసు కూడా వేయాలట. పోశాక తడి గోనెసంచులు కప్పాలి, మళ్లు కట్టి నీళ్లు నిలపాలి, పొడి ఎండల్లోనైతే పది రోజులకు తక్కువ కాకుండా. ఆ నీళ్లు పట్టేదీ మాలో ఒకరే. మనిషి ఒంట్లో వేడి 40 డిగ్రీలకు పోతే ప్రాణం మీదికొచ్చే వడదెబ్బ అని డాక్టర్లంటారు. అంటే కాంక్రీటుకూ మాకూ హద్దు ఒక్కటే! దాన్ని కాపాడటానికి ఇంజనీరున్నాడు, థర్మామీటరుంది, ఐసుంది. మాకు తమరి మెసేజ్ ఉంది. ఈ వేసవికి మమ్మల్ని కాంక్రీటుతో సమానంగా చూస్తే చాలు. అంతకుమించి అడగం.

ఇంకో సంగతి. టీవీలో చెప్పే 44 డిగ్రీలు నీడ లెక్క. గాలి ఆడే తెల్లటి పెట్టెలో, ఎండ పడకుండా పెట్టిన థర్మామీటరు చూపించేది. ప్రపంచమంతా అట్లాగే కొలుస్తారు గనుక వాతావరణ శాఖవారిని తప్పుపట్టలేం. కానీ మా కాళ్ల కింద సెంట్రింగు ఇనుప రేకులు, వాటి మీద కాలిన రాడ్లు. ఎండ ఎంతుందో కొలిచే థర్మామీటరుకున్న నీడ ఎండలో పనిచేసే మనిషికి లేదు.

మాతో వచ్చే ఆడవాళ్ల మాట కూడా రాయాలి. ఇది నవ్వులాటకు రాయడం లేదు. వాళ్లు దాహమైనా నీళ్లు తాగరు. తాగితే మళ్లీ వెళ్లడానికి సైటులో చాటు ఉండదు. పొద్దున ఇంటి దగ్గర కూడా ఒక గుక్కతో సరిపెట్టుకుని వచ్చి సాయంత్రం దాకా గమేళాలు మోస్తారు. నీళ్లు బాగా తాగండని ఎన్ని పోస్టర్లు అంటించినా, ఆ గోడ వెనక మరుగుదొడ్డి లేకపోతే ఆ సలహా వాళ్లది కాదు.

చల్లటి నీళ్లకు చట్టం లేకపోలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్‌లో, 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో తాగునీళ్లు చల్లబరిచి ఇవ్వాలని రాశారు. మాది ఫ్యాక్టరీ కాదు, ఆ సెక్షన్ మాకు రాలేదు. వచ్చి ఉన్నా మేం ఇరవై మందిమి. ఇంకో రెండువందల ముప్పై పైచిలుకు మందిని తోడు తెచ్చుకుంటే గాని మా కుండ చల్లబడేది కాదు.

మాలో గల్ఫు పోయి వచ్చినవాళ్లున్నారు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని నిషేధం. దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆపాలి, ఆపని కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల జరిమానా. అక్కడ స్వర్గముందని చెప్పడం లేదు. శంషాబాద్ విమానాశ్రయంలో శవపెట్టెల్లో దిగినవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. అయినా జగిత్యాల మనిషికి మధ్యాహ్నం కూర్చునే హక్కు కావాలంటే విమానం ఎక్కాలా? అంత దూరం ఎందుకు, కేరళలో లేబర్ కమిషనర్ ఏటా ఎండలు మొదలవగానే 12 నుంచి 3 దాకా పని ఆపమని ఉత్తర్వు ఇస్తారు. అది కూలీకి సలహా కాదు, పని ఇచ్చేవాడికి ఆజ్ఞ.

2015 వేసవిలో దేశం మొత్తం మీద 2,000 మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. 2025 ఏప్రిల్‌లో మన తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా గుర్తించి, పోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. సంతోషం. కానీ ఎండలో పనిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, రాత్రి మంచంలో పోయినవాడిది వడదెబ్బేనని అతని భార్య ఎవరికి రుజువు చేయాలి? ఊళ్లో గుండెపోటంటారు, దహనం కానిస్తారు, కాగితం పుట్టదు. ఆ 4 లక్షల్లో ఎన్నో వంతు పెడితే ఒక టార్పాలిన్, ఒక నీళ్ల డ్రమ్ము, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు వస్తాయో తమరి కార్యాలయంలో లెక్కలు తెలిసినవాళ్లు ఉంటారు.

డబ్బు లేదనొద్దు. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున మా సంక్షేమం పేరిట సెస్సు వసూలవుతూనే ఉంది.

కాబట్టి తమరు చేయవలసింది కొంచెమే. వచ్చే మెసేజ్ గుత్తేదారు పేరున రాయండి. ఆరెంజ్ హెచ్చరిక ఉన్న రోజు స్లాబు తెల్లవారుజామునే మొదలుపెట్టాలని, పన్నెండింటికల్లా అది ముగించి మనుషులు దిగాలని, దిగినందుకు కూలి కోయకూడదని అందులో ఉండాలి. ఆ చివరి ముక్క మరిచిపోతే మిగతాది పంపినా దండగే. కూలి కోస్తారంటే మేమే దిగం. కొత్తగా బీహార్ నుంచో ఒడిశా నుంచో రైలు దిగిన పిల్లలకు మొదటి వారం తేలిక పని ఇవ్వాలని కూడా ఒక వాక్యం చేర్చండి. ఒళ్లు ఎండకు అలవాటు పడకముందే పడిపోయేది వాళ్లే.

ఈ మనవి బల్లలు దాటి తమరి దాకా వచ్చేసరికి మృగశిర కార్తె వచ్చేస్తుందని తెలుసు. అయినా పారేయకండి. తేదీ మార్చి వచ్చే మార్చిలో వాడుకోవచ్చు.

ఇట్లు,
తమరి విధేయులు,
సెంట్రింగు, రాడ్డు, గమేళా పనివాళ్లు