ఎటు తిప్పితే అటు

కైరోలో ఇంబాబా వైపు ఒక ఆరంతస్తుల ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకుకీ పావురాల గూటికీ మధ్య ఒక పాత డిష్ వెల్లకిలా పడి ఉంది. కథ చెప్పమంటే చెబుతుంది గానీ ‘నేను’ అనదు. ఇరవై ఏళ్లకు పైగా అందరి మాటలూ మోసింది, తనదంటూ ఒక్క మాటా లేదు. అలాంటిదానికి ‘నేను’ అనడం ఎలా వస్తుంది? ‘ఈ డిష్‌కి ఇలా జరిగింది, ఈ డిష్ ఇలా అనుకుంది’ అంటూ తన గురించి తానే మూడో మనిషిలా చెప్పుకుపోతుంది. వార్తలు చదివేవాళ్ల సావాసం మరి.

పేరు మాత్రం మనకి తెలిసిందే. కైరోవాళ్లు కూడా దాన్ని ‘డిష్’ అనే పిలుస్తారు.

పుట్టుక సంగతి దానికి పెద్దగా పట్టదు. రేకు, అచ్చు, బూడిదరంగు పూత, 80 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. అసలు బతుకు మొదలైంది ఈ డాబా మీదే. ఈజిప్టు సొంత ఉపగ్రహం నైల్‌శాట్ 1998 ఏప్రిల్‌లో పైకి వెళ్లాక కైరో డాబాల మీద డిష్‌లు వానాకాలం పుట్టగొడుగుల్లా మొలిచాయి. (వానే సరిగా పడని ఊళ్లో పుట్టగొడుగులేమిటని అది నవ్వుతుంది.) బిగించిన రోజు దానికి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. డాబా మీద మెకానిక్, మెట్ల మలుపులో పదేళ్ల కుర్రాడు, మూడో అంతస్తులో టీవీ ముందు వాళ్లమ్మ.

“వచ్చిందా?”

“రాలేదు ఉస్తా!”

“ఇప్పుడు?”

“వచ్చి పోయింది! వెనక్కి, వెనక్కి!”

దూరదర్శన్ రోజుల్లో మేడెక్కి యాంటెన్నా తిప్పినవాళ్లెవరికీ ఈ మాటలు కొత్త కాదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 7 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర నిలబడ్డ ఉపగ్రహం వైపు డిష్ నైరుతికి మొహం పెట్టింది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో గొట్టం మీద ఒక గీత గీసి, గాలికి కదిలితే మళ్లీ ఇక్కడికి తెచ్చుకోమని చెప్పి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ గీతే దాని నుదుటిరాత.

పక్క డాబా మీద మూడు మీటర్ల పెద్ద డిష్ ఒకటుండేది, కింద టీకొట్టువాళ్లది. తొంభైల నాటి ముచ్చట్లన్నీ ఈ డిష్‌కి చెప్పింది అదే. లండన్‌లో బీబీసీ, ఆర్బిట్ అనే సౌదీ కంపెనీతో పొత్తు కట్టి అరబిక్ టీవీ నడిపిందట. సౌదీని తప్పుబట్టే కార్యక్రమం వేసేసరికి పొత్తు చెడి, 1996 ఏప్రిల్‌లో చానల్ మూతపడింది. రోడ్డున పడ్డ పాత్రికేయుల్లో చాలామందిని ఖతర్ ఏరుకుంది. అంతకు ముందు ఏడాదే తండ్రిని దింపి గద్దెనెక్కిన ఎమిర్ షేక్ హమద్, 50 కోట్ల రియాళ్ల సర్కారు సొమ్ము పెట్టి, 1996 నవంబర్ 1న దోహాలో అల్ జజీరాని మొదలుపెట్టాడు.

మొదట్లో ఆ చానల్ చాలా ఇళ్లలో సరిగా వచ్చేదే కాదు. అరబ్‌శాట్ ఉపగ్రహంలో బలమైన ప్రసారాలకి చోటు ఖాళీ లేదు. అదృష్టం ఫ్రాన్సు రూపంలో వచ్చింది. 1997 వేసవిలో ఒక ఫ్రెంచ్ చానల్ పిల్లల కార్యక్రమం వేయాల్సిన వేళ పొరపాటున బూతు సినిమా వేసింది. అరగంట పాటు అరబ్ దేశాల ఇళ్లన్నీ నోళ్లు వెళ్లబెట్టాయి. అరబ్‌శాట్ ఆ చానల్‌ని బయటికి గెంటి, ఖాళీ అయిన చోటు అల్ జజీరాకి ఇచ్చింది. అరబ్ పత్రికా స్వేచ్ఛ చరిత్ర రాసే పెద్దలు ఈ ముక్క దగ్గర కాస్త గొంతు సవరించుకుని ముందుకు వెళ్తుంటారు. పెద్ద డిష్‌కి ఆ మొహమాటం లేదు.

ఆ తర్వాత టీకొట్టులో రాత్రిళ్లు కుర్చీలు చాలేవి కావు. ఎదురెదురు మనుషుల్ని కూర్చోబెట్టి కొట్లాట పెట్టే ఫైసల్ అల్ ఖాసిం కార్యక్రమం వస్తుంటే గ్లాసుల్లో టీ చల్లారిపోయేది. 1999లో ఒక రాత్రి అల్జీరియా మీద చర్చ నడుస్తుంటే ఆ దేశ రాజధానిలో చాలా పేటల్లో కరెంటు పోయింది. సర్కారే తీయించిందని అంతా చెప్పుకున్నారు. దోహా వెళ్లి ఆ చానల్ ఆఫీసు చూసిన ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్, ఈ గోలంతా ఈ అగ్గిపెట్టెలోంచా వస్తున్నది అని ఆశ్చర్యపోయాడట.

ఇంటి ముసలాయన మాత్రం నమ్మేవాడు కాదు. టీవీ వేస్తే బుర్ర అడ్డంగా ఊపేవాడు. ఆయన యవ్వనమంతా ఈజిప్టు నేత నాసర్ కాలంలో, 1953లో పుట్టిన ‘సౌత్ అల్ అరబ్’ రేడియో ముందు గడిచింది. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధమప్పుడు ఆ రేడియో గెలిచాం, గెలిచాం అని ఊదరగొడుతుంటే వీధిలో అందరితో పాటు ఆయనా చిందులేశాడు. అప్పటికే ఈజిప్టు విమానాలు నేలమీదే కాలి బూడిదయ్యాయని తర్వాత గానీ తెలియలేదు. ఆ మోసం ఆయన కడుపులోంచి పోలేదు. ఎంత గొప్ప గొంతు విన్నా “దీని వెనక జేబు ఎవరిది?” అని ఒకే ప్రశ్న వేసేవాడు. ఈ డిష్ తన జీవితంలో విన్న విశ్లేషణల్లో అంతకి మించింది లేదంటుంది.

జేబులకి కొదవేమీ లేదు. దోహా గోల పడలేక సౌదీ 2002లో తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, ఐదేళ్లకు పైగా పంపలేదు. 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు, సౌదీవాళ్ల ఎంబీసీ సంస్థ దుబాయ్ నుంచి అల్ అరబియాని దింపింది. అది మొదలు ఒకే చావుకి రెండు ఏడుపులు. ఏప్రిల్ 8న బాగ్దాద్‌లో అల్ జజీరా కార్యాలయం మీద అమెరికన్ క్షిపణి పడి విలేకరి తారిఖ్ అయ్యూబ్ చనిపోయిన రోజున మాత్రం అన్ని చానళ్లదీ ఒకే గొంతు. సద్దాం పాలనలో ఇంట్లో డిష్ దొరికితే జైలే. ఆయన పడిపోయిన వారాల్లోనే బాగ్దాద్ పేవ్‌మెంట్ల మీద డిష్‌లు గుట్టలు పోసి అమ్మారు. ఆ దృశ్యం తన మీదుగా మూడో అంతస్తుకి దిగుతుంటే ఈ డిష్ గర్వంతో రేకు బిర్రబిగించింది. ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. మరుసటేడే ఆగస్టులో ఇరాక్ కొత్త ప్రభుత్వం కూడా అల్ జజీరా కార్యాలయానికి తాళం వేసింది.

దినపత్రికలతో ఈ డిష్‌కి పరిచయం పావురాల వల్ల. గూట్లో పరవడానికి పాత కాగితాలు పైకొచ్చేవి. 2010 సెప్టెంబర్‌లో అలా వచ్చిందే ‘అల్ అహ్రామ్’. వాషింగ్టన్‌లో శాంతి చర్చలకి నడిచి వెళ్తున్న నాయకులకి ముబారక్ ముందు నడుస్తున్న బొమ్మ అందులో ఉంది. అసలు ఫొటోలో ముందున్నది ఒబామా, ముబారక్ వెనక ఓ పక్కన ఉన్నాడు. పట్టుబడ్డాక అది ‘భావాన్ని చెప్పే’ బొమ్మ అని ఎడిటర్ సమర్థించుకున్నాడు. 1960లో నాసర్ జాతీయం చేసిన పత్రిక మరి. పావురాలు ఆ పేజీ మీద తమ భావం తాము చెప్పాయి.

ఐదు నెలలు తిరక్కుండానే ముబారక్ దిగిపోవాలనే జనంతో కైరో తహ్రీర్ కూడలి నిండిపోయింది. 2011 జనవరి 28న దేశమంతా ఇంటర్నెట్ పోయింది. 30న అల్ జజీరా లైసెన్సు రద్దు చేసి, కైరో కార్యాలయం మూయించి, నైల్‌శాట్ నుంచి దాన్ని తీసేశారు. మూడో అంతస్తులో తెర నల్లబడింది.

మెట్ల మలుపులో కేకలు పెట్టిన ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై దాటాయి. చేతిలో స్పానర్‌తో డాబా ఎక్కాడు. పన్నెండేళ్ల తుప్పుకి నట్టు కదల్లేదు. వంటింట్లోంచి నూనె తెచ్చి పోశాడు, సుత్తితో తట్టాడు, ఎవర్నో తిట్టాడు. చివరికి కీచుమంటూ మెడ తిరిగింది. మెకానిక్ గీసిన గీత దాటి మొదటిసారి మొహం తూర్పుకి జరిగింది. హాట్‌బర్డ్ ఉపగ్రహం దగ్గర కొంచెం, అరబ్‌శాట్ దగ్గర కొంచెం తడుముకుంటూ వేలెడు, అరవేలెడు. చుట్టుపక్కల డాబాల మీదా అదే కీచు శబ్దాలు. అంతలో నైల్‌శాట్ మీదే ఉన్న కొన్ని వేరే చానళ్లు తమ ప్రసారం ఆపుకుని ఆ చోటు అల్ జజీరాకి ఇచ్చాయి కూడా. కింద నుంచి తల్లి అరిచింది: “వచ్చింది! కదపకు!” ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడన్న మాట ఆ ఇంట్లోకి దిగింది ఈ డిష్ మీదుగానే. ఆ ఒక్క రాత్రికి దాన్ని ఎవరైనా పొగిడితే వద్దనదు.

పొగడ్త తర్వాత దెప్పూ వినాలి. 2013 జూలైలో సైన్యం అధ్యక్షుడు మొర్సీని దింపాక అల్ జజీరా ఆయన ముస్లిం బ్రదర్‌హుడ్ కొమ్ము కాస్తోందని దాని ఈజిప్టు ఉద్యోగుల్లోనే కొందరు రాజీనామా చేశారు. ఊళ్లవాళ్ల గుట్టంతా విప్పే ఆ చానల్‌కి సొంతింటి సంగతి వచ్చేసరికి నోరు పెగలదు. పాలకుల్ని విమర్శిస్తూ పద్యం చెప్పిన మహమ్మద్ అల్ అజామీకి ఖతర్ 2012లో యావజ్జీవం వేసింది, తర్వాత 15 ఏళ్లకి తగ్గించింది, 2016లో క్షమించి వదిలింది. 2011లో తహ్రీర్‌ని రేయింబవళ్లు చూపించిన కెమెరా బహ్రెయిన్ నిరసనల్ని ఆ పాటి చూపించలేదు. ముసలాయన అప్పటికి లేడు. ఉంటే మళ్లీ జేబు గురించి అడిగేవాడు.

2013 వేసవిలోనే డాబా మీద తండ్రీకొడుకుల తగువు మొదలైంది. కొడుకు తూర్పుకి తిప్పేవాడు, తండ్రి వచ్చి గీత దగ్గరికి లాగేవాడు. మెడ దగ్గర మర అరిగింది ఆ రోజుల్లోనే. “ఇద్దరూ చూసేది ఒకే యుద్ధం, ఈ డిష్ మెడ మాత్రం ఒకటే” అని వాపోతుంది. డిసెంబర్ 29న అల్ జజీరా ఇంగ్లీషు విభాగం పాత్రికేయులు పీటర్ గ్రెస్తె, మహమ్మద్ ఫహ్మీ, బాహెర్ మహమ్మద్‌లను పట్టుకెళ్లారు. మరుసటేడు జూన్‌లో ఏడేసి ఏళ్ల శిక్ష పడింది. బాహెర్‌కి ఇంకో మూడేళ్లు అదనం, దగ్గర ఒక పేలిన తూటా తొడుగు దొరికిందని. గ్రెస్తెని 2015 ఫిబ్రవరిలో దేశం దాటించారు, మిగతా ఇద్దరూ ఆ సెప్టెంబర్‌లో క్షమాభిక్షతో బయటపడ్డారు. దేశాన్ని కడుపుబ్బ నవ్వించిన బాసెం యూసఫ్ కార్యక్రమం 2014లో ఆగిపోయింది.

అన్నిటికన్నా తక్కువ బతికిన చానల్ పేరు అల్ అరబ్. సౌదీ రాకుమారుడు అల్ వలీద్ బిన్ తలాల్ డబ్బు, పాత్రికేయుడు జమాల్ ఖషోగీ సారథ్యం. 2015 ఫిబ్రవరి 1న బహ్రెయిన్‌లో మొదలైంది, అక్కడి ప్రతిపక్ష నాయకుడితో ఇంటర్వ్యూ వేసింది. ఒక్క రోజు తిరక్కుండానే ఆగిపోయింది. ఈ డిష్ దాన్ని వెతికి పట్టుకునేలోపే లేదు. 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లిన ఖషోగీ బయటికి రాలేదు. ఆ వార్తని అల్ జజీరా వారాల తరబడి చూపించింది, అల్ అరబియా ఎలా చూపించిందో వేరే చెప్పక్కర్లేదు.

అల్ అరబ్ మూతకీ ఖషోగీ హత్యకీ మధ్య 2017 గడిచింది. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి జూన్ 5న ఖతర్‌ని వెలేశాయి. అల్ జజీరా మూసెయ్యడం సహా 13 షరతులు పెట్టి పది రోజుల గడువిచ్చాయి. ఖతర్ మీద జాలి చూపిస్తూ ఏం రాసినా 15 ఏళ్ల వరకూ జైలని యూఏఈ ప్రకటించింది. దుబాయ్‌లో పనిచేసుకునే కరీంనగర్, కడప వాళ్లకీ ఆ చట్టమే. 2021 జనవరిలో రాజీ కుదిరింది, చానల్ మూతపడలేదు.

ఆ వెలికి ముందు నెలలోనే, 2017 మేలో, ఈజిప్టు అల్ జజీరాతో పాటు ‘మదా మస్ర్’ లాంటి వెబ్ పత్రికల్నీ అడ్డుకుంది. కుర్రాడు ఫోన్‌లో వీపీఎన్ పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. అడ్డుగోడ మీదుగా తొంగిచూడ్డానికి ఇప్పుడు నట్టూ అక్కర్లేదు, నూనే అక్కర్లేదు. డిష్‌కి అర్థమైంది. డాబా మీదికి ఎవరైనా వస్తే బట్టలారేయడానికే వస్తున్నారు. దండెం ఒక కొస దాని చేతికే కట్టారు. ఖమ్సీన్ గాలి ఇసుక మోసుకొచ్చి మొహాన కొట్టిపోతే తుడిచేవాళ్లు లేరు. సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బి మూత ఎండకి పగిలింది, లోపల సాలీడు చేరింది. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇంటావిడ టీవీ నెత్తిన ఒక్కటి వేసేది. టీవీ తప్పేముంది?

చివరగా ఆ ఇంట్లోకి డిష్ సరిగ్గా దించిన వార్త 2022 మే 11ది. జెనిన్‌లో అల్ జజీరా విలేకరి షిరీన్ అబూ అక్లే తూటా తగిలి చనిపోయింది. 1997 నుంచి పాలస్తీనా వీధుల్లోంచి మాట్లాడిన గొంతు. అది తమ సైనికుడి తూటానే అయ్యుండే అవకాశం ఎక్కువని ఇజ్రాయెల్ సైన్యం ఆ సెప్టెంబర్‌లో ఒప్పుకుంది. ఆ రోజు బొమ్మ ఒక్క క్షణం కూడా చెదరలేదు. ఇంటావిడ పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది.

ఆ చలికాలం దాన్ని విప్పేశారు. గొట్టం పాత ఇనుముకి పోయింది, గీతతో సహా. డిష్‌ని మాత్రం పావురాలవాడు అడిగి తీసుకుని వెల్లకిలా పడేసి నీళ్లు పోశాడు. 2024 మేలో ఇజ్రాయెల్, 2025 జనవరి 1న పాలస్తీనా అథారిటీ, రెండూ అల్ జజీరాని ఆపేశాయన్న సంగతి దానికి వాడి ఫోన్ ద్వారా తెలిసింది. ఉప్పూనిప్పూగా ఉన్నవాళ్లు ఒక్క విషయంలో ఏకమయ్యారని వాడు నవ్వాడు.

ఇప్పుడది నిట్టనిలువుగా పైకి చూస్తోంది. డిష్‌లకి టీవీ మాటలు మోసే ఉపగ్రహాలన్నీ దక్షిణాన, భూమధ్యరేఖ మీద ఉంటాయి, కైరో నడినెత్తిన అలాంటిది ఒక్కటీ ఉండదు. సాయంత్రం పావురాలవాడు ఈల వేస్తాడు. గుంపు గిరికీ కొట్టి దిగి, అంచు మీద వరసగా వాలి, దాని మొహంలోంచి నీళ్లు తాగుతుంది.