సెట్టు కొట్టేశారు

మోతీనగర్‌లో ఉన్నవాడికి ఇంగ్లీషు నిఘంటువు కొనాల్సిన పని లేదు. అటు ఎర్రగడ్డ, ఇటు బోరబండ, కాస్త ముందుకెళ్తే యూసుఫ్‌గూడ, అది దాటితే కృష్ణానగర్. సినిమావాళ్ళంతా జూబ్లీహిల్స్‌లో ఉంటారని జనం అనుకుంటారు గానీ, అక్కడుండేది పోస్టర్ మీద కనబడేవాళ్ళు. మేకులు కొట్టేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు మా వైపే అద్దెకుంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా మా వీధుల్లో ఒక్క ఇంగ్లీషు మాట తెగ తిరుగుతుంది. సెట్.

టిఫిన్ బండి దగ్గర "ఒక సెట్ దోశ". పక్కనే నిలబడ్డ కుర్రాడు ఫోన్లో "ఆ పిల్ల మనకి సెట్ కాదు మామా". కింద వాటా ఆవిడ గిన్నె మీద మూత తీసి, పెరుగింకా సెట్ అవలేదంటుంది. తోడుకోవడం అనే మాటని ఎప్పుడు వదిలేసిందో ఆవిడకే గుర్తు లేదు. మేస్త్రీ స్లాబు పోసి, సెట్ అయ్యేదాకా ఎవర్నీ ఎక్కనివ్వొద్దంటాడు. ఏ ఆఫీసులోనో ఫైలు కదలకపోతే "నేను సెట్ చేస్తా కదా" అనే మనిషి వీధికొకడుంటాడు. ఆ అర్థం ఏ నిఘంటువుకీ ఎక్కి ఉండదు, రేటు మాత్రం అందరికీ తెలుసు.

చదువుల్లోనూ ఇదే గోల. నిజానికి ఎంసెట్‌లో ఉన్నది సెట్ కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల తోక. అయినా ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, ఈసెట్ అన్నీ కలిపి మాకు ఒక సెట్టే. ఎంసెట్‌ని ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ చేశారు. తల్లిదండ్రులు మాత్రం మార్చలేదు. ఎంసెట్‌లో ర్యాంకొస్తే లైఫ్ సెట్ అంటారు, రాకపోతే పిల్లవాణ్ణి సెట్‌రైట్ చేస్తారు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో ముద్రణలో అన్నిటికన్నా పొడుగు పద్దు ఈ 'సెట్' మాటదేనట. 430 అర్థాలు, వాటి వివరణకి 60,000 మాటలు. ఆ తర్వాత 'రన్' వచ్చి దీన్ని పక్కకి నెట్టేసింది. క్రియగానే దానికి 645 అర్థాలు లెక్కతేల్చారు. ఆ ఒక్క మాట కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. కనడానికి పట్టినంత కాలం! ఆయన ఒక్క వారం మోతీనగర్‌లో అద్దెకుండి ఉంటే పోటీ ఇంకోలా తేలేది.

ఎందుకంటే ఆయన వినని అర్థం ఒకటి పలాస నుంచి మా పెద్దమ్మ వెంట వచ్చింది. అటువైపు పల్లెల్లో చాలామంది నోట చెట్టు అన్నా సెట్టే. పెద్దమ్మకి జీడితోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, ఆ చుట్టుపక్కల జీడి, కొబ్బరి తోటల్ని నేలకి పడుకోబెట్టింది. తరవాత పెద్దమ్మ మా దగ్గరికి వచ్చేసింది. సాయంత్రాలు మెట్ల మీద గోంగూర ముందేసుకుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చుంటుంది. పై వాటాలో సినిమాలకి పనిచేసే తెనాలి కార్పెంటరు ఉంటాడు. ఓ సాయంత్రం అతను దొరికాడు.

"ఏటి బాబూ, ఎక్కడ పని?"

"సెట్టు మీద మామ్మగారూ. రెండెకరాల్లో వేశాం."

"ఓలమ్మో! ఏసి ఎన్నాళ్ళయినాది?"

"మూడు నెలలైంది. నిన్ననే కొట్టేశాం."

పెద్దమ్మ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. "మూణ్ణెల్ల సెట్టుని కొట్టేసినారా? సేతులెలాగొచ్చినాయి?"

"పనైపోయాక ఉంచరండీ. ఉంచితే స్థలం అద్దె దండగ."

"మరి కలప?"

"కలపకేం, విప్పి ఇంకో సెట్టుకి కొడతాం."

సెట్టు కలపని ఇంకో సెట్టుకి ఎలా కొడతారో పెద్దమ్మకి అంతుపట్టలేదు. హైదరాబాదులో అంటు కట్టే పద్ధతి అదే కాబోలనుకుని నిట్టూర్చింది. "మాయీ పోయినాయి బాబూ. తిత్లీ కొట్టేసినాది."

"తిత్లీయా? అది ఏ బ్యానరండీ?"

అప్పుడు నేను కల్పించుకున్నాను. లేకపోతే ఇద్దరూ ఒకరికొకరు సానుభూతి చెప్పుకుంటూ అన్నాల వేళదాకా సాగదీసేవాళ్ళే. తప్పు ఇంగ్లీషుది కాదు. మనం చెట్టునీ వేస్తాం, సెట్టునీ వేస్తాం. రెండింటినీ కొట్టేస్తాం. అర్థాల మాటకొస్తే మన 'కొట్టు' తక్కువ తిందా? కొబ్బరికాయ కొట్టి సినిమా మొదలుపెడతారు, క్లాప్ కొడతారు, చివరి రోజున గుమ్మడికాయ కొడతారు, మధ్యలో డైలాగులు కొడతారు, ఆడకపోతే బోల్తా కొడుతుంది, ఆ బాధలో టీ కొట్టు దగ్గర కూర్చుని కబుర్లు కొడతారు. ఏ ఇంగ్లీషు సంపాదకుడైనా దీనికి తొమ్మిది నెలలు చాలవని సెలవు పెట్టేస్తాడు.

మా వైపు సంబంధాలు సెట్ అవడంలోనూ ఇలాంటి చిక్కులున్నాయి. "అబ్బాయి ప్రాపర్టీ చూసుకుంటాడు" అని మధ్యవర్తి చెబితే ఓ పిల్ల తండ్రి మురిసిపోయాడు. చూసుకునే మాట నిజమే. సీనులో తాతగారి కళ్ళజోడు, హీరో కాఫీ కప్పు, విలన్ కత్తి ఏ పెట్టెలో ఉన్నాయో చూసుకోవడమే ఆ ఉద్యోగం. సినిమా భాషలో ప్రాపర్టీ అంటే అవే. పెళ్ళి జరిగింది, పిల్ల సుఖంగానే ఉంది. మామగారే ఇంకా తేరుకోలేదు.

సెట్లన్నిటికీ మూణ్ణెల్ల ఆయుష్షే అని కాదు. 1591 నాటి చార్మినారు ఊళ్ళోనే ఉండగా 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం గుణశేఖర్ ఇంకో చార్మినారు వేయించారు. అదీ పోయింది. రామోజీ ఫిల్మ్ సిటీలో 'బాహుబలి' మాహిష్మతిని మాత్రం కొట్టేయకుండా ఉంచారు, జనం టిక్కెట్టు కొనుక్కుని చూసొస్తారు. ఈ సంగతి చెబితే పెద్దమ్మ, "అయితే ఆ సెట్టొక్కటీ కాపుకొచ్చినాదన్నమాట" అంది.

కింద వాటా పాప పదో తరగతి. లెక్కల్లో మేం సమితులని చదివినవి ఆ పిల్లకి సెట్సు. "ఎంప్టీ సెట్‌లో ఏమీ ఉండదు" అని బట్టీ పడుతుంటే, మెట్లెక్కుతున్న కార్పెంటరు ఆగి, "వాచ్‌మన్ ఉంటాడమ్మా" అన్నాడు. అనుభవంతో చెప్పిన మాట. 2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని సమ్మెకి దిగితే, రెండు వారాలు దాటినా షూటింగులు సాగలేదు. బేటా (రోజు భత్యం) లేని ఆ రోజుల్లో అతను మా భవనంలో వదులైన తలుపులన్నీ ఉచితంగా సెట్ చేసిపెట్టాడు.

ఆ మధ్య పెద్దమ్మని కార్పెంటరు ఫిలింనగర్ వైపు ఓ షూటింగ్ ఫ్లోర్‌కి తీసుకెళ్ళాడు. ఊరి రచ్చబండ సెట్టు. ఇనప చట్రానికి ప్లాస్టర్ పూసి, రంగులేసి, నడిమధ్య పెద్ద మాను నిలబెట్టారు. సెట్టులో సెట్టు. పెద్దమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఊడలు లాగి చూసి, పైకి చూసింది.

"మానేమో మర్రి. ఆకేమో మామిడి. ఇది ఏ ఊరి సెట్టు బాబూ?"

"దూరం నుంచి కెమెరాకి తెలీదు మామ్మగారూ."

"నాకు తెలుస్తాంది గదా."

ఈ మాట ఆర్ట్ డైరెక్టరు అసిస్టెంటు చెవిన పడింది. మర్నాడు ఆకులు మార్చారట. పెద్దమ్మకి బేటా మాత్రం ఇవ్వలేదు. ఆ బాకీ ఎప్పుడు తీరుస్తారని కార్పెంటరు మెట్లెక్కిన ప్రతిసారీ అడుగుతోంది.