మనవాళ్ళు ఎక్కువైపోయారండీ!

మా తోడల్లుడు టెక్సస్‌లోని సెలైనాలో ఇల్లు కొన్నాడు. బోర్డు మీద స్పెల్లింగు చూసి నేను సెలీనా అన్నాను. "సెలైనా అనాలన్నయ్యా, సెలీనా అంటే కొత్తగా వచ్చారని పట్టేస్తారు" అని దిద్దాడు. తను వచ్చి అప్పటికి పదకొండు రోజులైంది.

"బంగారంలాంటి ఫ్రిస్కో వదిలేసి ఆ పొలాల్లోకి ఎందుకయ్యా?" అని అడిగాను.

"ఫ్రిస్కోలో మనవాళ్ళు ఎక్కువైపోయారన్నయ్యా. ఊపిరాడటంలేదు."

ఆయన ఊపిరి పీల్చుకోవడం చూద్దామని గృహప్రవేశానికి వెళ్ళాం. నూట అరవై మందిని పిలిచాడు. నూట యాభై మంది ఫ్రిస్కో నుంచి వచ్చారు. మిగతా పదిమందీ ఆ వీధివాళ్ళు. వాళ్ళూ మనవాళ్ళే, ఈమధ్యనే ఇదే కారణం చెప్పి ఫ్రిస్కో ఖాళీ చేసినవాళ్ళు. స్మోక్ అలారం మోగుతుందని హోమం గరాజ్‌లో పెట్టారు. పంతులుగారు సంకల్పంలో ఊరి పేరు దగ్గరికొచ్చి అలవాటు కొద్దీ "ఫ్రిస్కో" అనేశారు. అందరూ ఒక్కసారి "సెలైనా, సెలైనా" అని అరిచారు.

భోజనాలయ్యాక గుమ్మం దగ్గర నా బూట్లు వెతుక్కోవడానికి పావుగంట పట్టింది. కాస్ట్‌కోలో డిస్కౌంటు వచ్చిన వారమే వెళ్ళి కొన్న బూడిదరంగు బూట్లు అవి. ఎవరూ చూడకముందే కొట్టుకొచ్చానని మురిసిపోయాను. అక్కడ అచ్చం అలాంటివే తొమ్మిది జతలున్నాయి. నా సైజుకి సరిపోయిన జత వేసుకుని ఇంటికొచ్చాను. నావేనని ఇప్పటికీ ప్రమాణం చేయలేను.

ఇంటికి వస్తూ దారిపొడుగునా తోడల్లుణ్ణి వెక్కిరించాను. మా ఆవిడ కాసేపు విని, "మీరు ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కోకి ఎందుకొచ్చారు?" అంది. ఈ ఆడవాళ్ళకి జ్ఞాపకశక్తి ఇంత అవసరమా అనిపిస్తుంది ఒక్కోసారి.

మేం ఫ్రిస్కోలో ఇల్లు కొన్నది 2006లో. అమ్మినాయన అసలు సిసలు టెక్సస్ పెద్దమనిషి, టోపీ తీస్తే ఎవరో గుర్తుపట్టలేం. సంతకాలు చేస్తూ, "ఊరు పాడైపోయింది బాబూ, జనం ఎక్కువైపోయారు. ఒకప్పుడు నా కుక్క నడిరోడ్డు మీద నిద్రపోయేది" అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే ఇంకా ఉత్తరానికి, ఓక్లహోమా వైపు అన్నాడు. చుట్టూ చూశాను. మైలు దూరంలో ఆవులు మేస్తున్నాయి. జనం ఎక్కడున్నారో నాకు కనపడలేదు. ఆయనకు కనపడ్డారు: ఎదురుగా కూర్చుని సంతకం పెడుతున్నారు.

ఆ రోజుల్లో వాల్‌మార్ట్‌లో తెలుగు ముఖం కనపడితే సబ్బుల వరసదాకా వెంటపడి "మీరు తెలుగువాళ్ళాండీ?" అని అడిగేవాణ్ణి. కరివేపాకు కావాలంటే రిచర్డ్‌సన్ వెళ్ళాలి. అక్కడికి బయల్దేరుతూ నాలుగిళ్ళకి ఫోన్ చేసి "మీకేమన్నా తేవాలా?" అని అడిగేవాళ్ళం. ఆ నాలుగిళ్ళే మా ఊరు. వాటికి నేనే మునసబు.

మునసబుకి ఊరుంటే చాలదు, ఊరి సంగతి వినేవాళ్ళు కూడా కావాలి. అందుకని న్యూజెర్సీకి, మిషిగన్‌కి, అట్లాంటాకి ఫోన్లు చేశాను. "స్కూళ్ళు బ్రహ్మాండం, ఇళ్ళు చవక, మంచు తవ్వే పని లేదు. ఇంకా ఎవరికీ తెలీదు, మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి" అని పదకొండు కుటుంబాలకి విడివిడిగా చెప్పాను. పదకొండూ వచ్చాయి. ఒక్కొక్కరూ ఎవరికీ చెప్పొద్దని ఇంకో పదకొండు కుటుంబాలకి చెప్పారు. 2000 జనగణనలో ఫ్రిస్కో జనాభా 33,714. 2010కి 1,16,989. 2020కి 2,00,509. అందరినీ నేనే తెచ్చానని అనను గానీ, మా శివారు వరకూ నా వాటా నాకుంది.

ఇప్పుడు కరివేపాకు ఐదు నిమిషాల దూరంలో దొరుకుతుంది. తీరా వెళ్తే పార్కింగు దొరకదు. బిర్యానీ హోటళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మానేశాను. వాల్‌మార్ట్‌లో తెలుగు ముఖం కనపడితే ఇప్పుడు నేను సబ్బుల వరసలోకి వెళ్ళేది దాక్కోవడానికి. ఎవరైనా కొత్తవాళ్ళు "ఫ్రిస్కో బాగుంటుందటగా?" అని అడిగితే నా నోట అప్రయత్నంగా అదే మాట వస్తుంది: "బాగుండేదండీ ఒకప్పుడు. మనవాళ్ళు ఎక్కువైపోయారు."

అమెరికాలో యోగి బెర్రా అని ఒక బేస్‌బాల్ ఆటగాడుండేవాడు. ఒక రెస్టారెంటు గురించి, అక్కడికి ఇప్పుడెవరూ వెళ్ళడంలేదు, విపరీతమైన రద్దీ అన్నాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వాను, చాలా ఏళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే అందులో తప్పేముందో తెలియడంలేదు. ఆయన ఉద్దేశంలో "ఎవరూ" అంటే పాతవాళ్ళు. రద్దీ అంటే కొత్తవాళ్ళు. మన తెలుగు సభలనుంచి సంక్రాంతి పార్టీలదాకా ఈ లెక్కే కదా.

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. వస్తువు పాతబడితే రోత పుట్టడం అర్థం చేసుకోవచ్చు. కానీ నిగనిగలాడే కొత్త వస్తువు కూడా, పదిమంది చేతుల్లోకి వెళ్ళగానే ఎందుకు మొహం మొత్తుతుంది? దీని మీద స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఒక సరదా పరిశోధన జరిగింది. క్యాన్సర్ మీద పోరాటానికి డాలరుకొకటి చొప్పున అమ్మిన పసుపు రబ్బరు బ్యాండ్లు 2004 నుంచి ఇక్కడ ప్రతి చేతికీ ఉండేవి. జోనా బెర్గర్, చిప్ హీత్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక హాస్టల్లో ఆ బ్యాండ్లు అమ్మించారు. తర్వాత పక్కనే ఉన్న పుస్తకాల పురుగుల హాస్టల్లో కూడా అమ్మించారు. అంతే, మొదటి హాస్టల్లో దాదాపు మూడోవంతు మంది బ్యాండ్లు తీసేశారు. బ్యాండు మారలేదు, డాలరు మారలేదు, క్యాన్సర్ మీద కోపమూ తగ్గలేదు. పక్క హాస్టలువాడు పెట్టుకున్నాడు, అదే నేరం. 2008లో ఈ పరిశోధన అచ్చయింది.

నేను దీన్ని పైసా ఖర్చు లేకుండా మా ఇంట్లోనే చూశాను. 1913 నుంచి ఫ్లాస్కులు చేస్తున్న స్టాన్లీ కంపెనీ నలభై ఔన్సుల గ్లాసు ఒకటి ఉంది, పిడి, స్ట్రా, సమస్త హంగులతో. మా అమ్మాయి అది లేకపోతే బడికెళ్ళనంది. 2024 జనవరిలో గులాబీరంగు గ్లాసుల కోసం జనం టార్గెట్ షాపుల ముందు తెల్లవారుజామునుంచే నిలబడుతున్నారని టీవీలో చూపించారు. మా అమ్మాయికి గులాబీ దొరకలేదు, నీలం దొరికింది. మూడు నెలలు దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగింది. ఒకరోజు వాళ్ళమ్మ తనకూ ఒకటి కొనుక్కుంది. అందులో మజ్జిగ పోసి, కరివేపాకు, అల్లం ముక్క వేసి, వాకింగుకి బయల్దేరింది. దారిలో మా అమ్మాయి స్నేహితురాలు ఎదురై "ఆంటీ, సేమ్ పించ్!" అందట. ఆ సాయంత్రమే నీలం గ్లాసు వంటింటి అలమర పై అరలోకి చేరింది. ఇప్పుడు అందులో గరిటెలుంటున్నాయి.

పిల్లలు కదా అనుకుంటున్నారా? ఇక నా సంగతి వినండి.

ఆర్ఆర్ఆర్ 2022 మార్చి 25న విడుదలైంది. మర్నాటి నుంచీ ఆఫీసులో అందరికీ దాని గురించి చెప్పడం మొదలుపెట్టాను. చంటిపిల్ల గీసిన బొమ్మ చూసి "భలే ఉందమ్మా" అన్నట్టు తలలూపారు. మే నెలలో హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, అక్కణ్ణుంచి వాళ్ళే నాకు చెప్పడం మొదలుపెట్టారు. "ఈ బాలీవుడ్ సినిమా చూశావా?" అంటే, "బాలీవుడ్ కాదు నాయనా, తెలుగు" అని దిద్దడానికే ఆ వేసవంతా సరిపోయింది. ఆ దిద్దడంలో ఉన్న సుఖం మాత్రం ఇంకెందులోనూ లేదు. 2023 మార్చి 12న "నాటు నాటు" పాటకి ఆస్కార్ వచ్చింది. వేదిక మీద కీరవాణి, చంద్రబోస్ నిలబడితే సోఫాలో నేను ఏడ్చేశాను. మర్నాడు మా వైస్ ప్రెసిడెంటు కాఫీ మెషిన్ దగ్గర, ప్యాంటుకి సస్పెండర్లు లేకపోయినా ఉన్నట్టు లాగుతూ, ఆ స్టెప్పు వేశాడు. చప్పట్లు కొట్టాను. రెండోరోజు నా కాలు తప్పు పడుతోందని నన్నే దిద్దాడు. మూడోరోజు ఎవరో "పాట అద్భుతం" అంటే నా నోరు నాకు తెలియకుండానే ఇలా అంది: "పర్లేదండీ. కానీ అది కీరవాణిగారి బెస్టేం కాదు. మీరు అన్నమయ్య వినాలి."

వాళ్ళు అన్నమయ్య ఎవరని అడిగారు. హమ్మయ్య, మళ్ళీ నాకు వినేవాళ్ళు దొరికారు. ఫ్రిస్కో నుంచి సెలైనాకి వెళ్ళడం అంటే ఇదేనని అప్పుడు తట్టలేదు.

ఒకమాట ఒప్పుకోవాలి, అంతా అసూయే కాదు. బలాజ్ కోవాచ్, అమాండా షార్కీ అనే ఇద్దరు 64 పుస్తకాల మీద పాఠకుల అభిప్రాయాలు సేకరించి 2014లో ఒక విషయం తేల్చారు. బహుమతి వచ్చిన పుస్తకానికి, బహుమతి అంచులదాకా వెళ్ళి ఆగిపోయిన పుస్తకం కంటే, ఆ తర్వాత పాఠకులిచ్చే మార్కులు ఎక్కువగా పడిపోతాయట. బహుమతి చూసి, ఆ తరహా పుస్తకం ఎన్నడూ ముట్టనివాళ్ళు కూడా కొనుక్కుంటారు. నచ్చదు, పెదవి విరుస్తారు. ఇది నిజమే. మా వైస్ ప్రెసిడెంటుగారి భార్య ఆస్కార్ వార్త చూసి ఆర్ఆర్ఆర్ పెట్టుకుని, మూడు గంటల సినిమాని గంటకి ఆపేశారు. ఆమెని ఎవరు చూడమన్నారు? ఏడాది నుంచీ వాళ్ళాయన చెవిలో జోరీగలా తిరిగింది నేనే.

గుంపు నచ్చనివాళ్ళందరూ ఎటు పోతారన్నదానికి ఒక లెక్కల మేష్టారు జవాబు చెప్పాడు. బ్రాండైస్ యూనివర్సిటీలో జోనథన్ టుబూల్ అని ఉన్నాడు. అందరిలా ఉండకూడదనుకునేవాళ్ళు చివరికి అందరూ ఒకేలా ఎందుకు తయారవుతారో సమీకరణాలు రాసి చూపించాడు. కీలకం ఆలస్యంలో ఉందన్నాడు. పక్కవాడు ఏం చేస్తున్నాడో మనకి తెలిసేసరికి కొంత టైము పడుతుంది. ఆ లోపల అందరూ ఒకే పక్కకి తిరుగుతారు. 2019లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక దీని గురించి రాసి, పక్కన టోపీ, గడ్డం, గళ్ళచొక్కా ఉన్న ఒక యువకుడి ఫోటో వేసింది. వెంటనే ఒక పాఠకుడు మండిపడ్డాడు: నా అనుమతి లేకుండా నా ఫోటో ఎలా వేస్తారని. పత్రికవాళ్ళు హడలిపోయి ఫోటో ఏజెన్సీని వాకబు చేస్తే, ఆ ఫోటోలో ఉన్నది అతను కాదని తేలింది. అచ్చం అతనిలాగే అందరికంటే భిన్నంగా ఉన్న ఇంకొకడు.

ఇది చదివినప్పుడు గుమ్మం ముందు తొమ్మిది జతల బూట్లు కళ్ళముందు మెదిలాయి. మా తోడల్లుడి కథలో ఆలస్యం ఎక్కడుందో కూడా తెలిసింది. ఆయన స్థలం చూసినప్పుడు సెలైనాలో నిజంగానే ఎవరూ లేరు, మోడల్ హోములో ఉన్న సేల్స్ అమ్మాయి తప్ప. ఇల్లు కట్టి తాళాలు ఇవ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో, ఎవరూ లేరని చూసి మురిసినవాళ్ళందరూ తలా ఒక ఇల్లు కట్టించుకున్నారు. అమెరికా మొత్తంమీద జనాభా ఇరవైవేలు దాటిన ఊళ్ళలో 2022 జూలై నుంచి ఏడాదిలో అన్నిటికంటే వేగంగా పెరిగింది సెలైనాయేనని సెన్సస్ బ్యూరో ప్రకటించింది: 26.6 శాతం. అంతెందుకు, ఆ ఊరికి పేరు పెట్టినాయన కూడా టెనసీలోని తన సొంతూరు సెలైనా పేరే మోసుకొచ్చి తగిలించాడు. ఆ పేరూ వలస వచ్చిందే.

మొన్న ఆదివారం తోడల్లుడు ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అన్నయ్యా, వస్తూ కాస్త కరివేపాకు తెస్తారా? ఇక్కడ ఇంకా మన స్టోరు తెరవలేదు."

"ఊపిరాడుతోందా?" అన్నాను.

"ఏం ఆడటం! ఎదురింట్లో మన గుంటూరువాళ్ళు, పక్కన కరీంనగర్‌వాళ్ళు. ఇక్కడా మనవాళ్ళు ఎక్కువైపోతున్నారన్నయ్యా. ఇంకా పైన, ఓక్లహోమా సరిహద్దు దగ్గర ఓ స్థలం చూశాను. ఆవులు తప్ప ఎవరూ లేరు. పొద్దున్నే వెళ్ళి చూద్దాం. మీకు మాత్రమే చెప్తున్నాను, ఎవరితోనూ అనకండి."

కరివేపాకు కొనడానికి స్టోరుకి వెళ్ళాను. మూడు రౌండ్లు కొట్టాక పార్కింగు దొరికింది. బిల్లింగు లైన్లో ముందున్నాయన మన నెల్లూరువాడు, కొత్తగా కాలిఫోర్నియా నుంచి దిగాడట. ఇక్కడ ఇల్లు కొందామంటే ఎక్కడ చూసినా రద్దీగా ఉందని వాపోతున్నాడు. పాపం, చూస్తే జాలేసింది.

అటూ ఇటూ చూసి ఆయన చెవి దగ్గరికి వంగాను.

"ఒక మంచి ఊరుంది. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి."