నవలే బాగుందండీ!

సినిమా హాల్లోంచి బయటికొచ్చే జనంలో మా జాతివాణ్ని పట్టుకోవడం తేలిక. అందరూ పాటల గురించో ఫైట్ల గురించో మాట్లాడుకుంటుంటే, వాడు మాత్రం స్టాండులో బండి తీసుకుంటూ, ఎవరూ అడక్కుండానే, "నవలే బాగుందండీ" అంటాడు. నిజానికి ఆ ఒక్క ముక్క అనడానికే టికెట్టు కొంటాడు.

కథల పిచ్చి ఉన్నవాళ్ళందరిదీ ఒకటే సూత్రం. ఏ కథైనా మనకి ముందు దేంట్లో పరిచయమైతే అదే అసలు, తతిమ్మావన్నీ నకళ్ళు. ముందు పుస్తకం చదివినవాడికి సినిమా నకలు. ముందు సినిమా చూసినవాడికి పుస్తకం అనవసరపు సాగదీత.

మా ఇంట్లో ఈ సూత్రం మీద జరిగిన యుద్ధాల్లో ముఖ్యమైంది మాయాబజార్ యుద్ధం. మా తాతయ్య లెక్కలో మాయాబజార్ అంటే సురభివారి నాటకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలై, ఇంటిల్లిపాదీ వేషాలు కట్టి ఊరూరా ఆడిన నాటక కుటుంబాలవి. 1957లో కె.వి.రెడ్డి సినిమా వచ్చినప్పుడు ఆయన చూసొచ్చి, "బానే తీశాడు గానీ, కెమెరా పెట్టుకుని మాయం చెయ్యడంలో గొప్పేముందిరా? స్టేజీ మీద మన కళ్ళెదురుగా మాయం చెయ్యమను" అని పెదవి విరిచాడట.

మా నాన్నకేమో సినిమాయే అసలు. 2010లో దానికి రంగులద్ది విడుదల చేస్తే, "ఇన్నాళ్ళూ నేను చూసింది రంగుల్లో కాదా?" అని ఆశ్చర్యపోయాడు. శశిరేఖ చీర ఏ రంగో ఆయనకెప్పుడో తెలుసు. వీళ్ళు వేరే రంగేశారని ఆయన ఫిర్యాదు.

అమ్మ దారి వేరు. ఆమె మాయాబజార్‌ని విన్నది. రేడియోలో 'సంక్షిప్త శబ్దచిత్రం' అని వచ్చేది. మూడు గంటల సినిమాని గంటకి కుదించి, మాటలూ పాటలూ వినిపించేవాళ్ళు. ఆ గంటకి సెల్లులు ఎక్కడ మొరాయిస్తాయోనని పొద్దున్నే వాటిని ట్రాన్సిస్టర్లోంచి తీసి, పిట్టగోడ మీద వడియాల పక్కనే ఎండబెట్టేది. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు నవ్వితే ట్రాన్సిస్టరు తోలు తొడుగు అదిరేదిట. తర్వాతెప్పుడో టీవీలో సినిమా చూసి, "ఇదేమిట్రా, ఘటోత్కచుడు ఇంతేనా ఉన్నాడు? రేడియోలో ఇంకా పొడుగు!" అంది.

ఈ ముగ్గురి నోళ్ళూ మూయించాలని ఒకరోజు బ్రహ్మాస్త్రం తీశాను. అసలు వ్యాసభారతంలో శశిరేఖే లేదు, ఆ పెళ్ళీ లేదు, ఆ మాయా లేదు అన్నాను. అంతే! అంతవరకు ఒకళ్ళ మీద ఒకళ్ళు కత్తులు నూరుకుంటున్నవాళ్ళు ఏకమై నా మీద పడ్డారు. "వ్యాసులవారు మర్చిపోయి ఉంటారు" అని అమ్మ తీర్పు చెప్పేసి, కాఫీ పెట్టడానికి లేచింది.

పోనీ మూలం ఉన్న కథలైనా సుఖంగా ఉన్నాయా? 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడవారే దాన్ని తిరగరాసి, చాలా పెంచి మళ్ళీ అచ్చేయించారు. మనం నెత్తిన పెట్టుకున్నది ఈ రెండోదాన్నే. కాబట్టి 1955లో రామారావు గిరీశంగా వచ్చిన సినిమా చూసి "మూలాన్ని మార్చేశారండీ" అని గుండెలు బాదుకునేవాళ్ళని, ఏ మూలం నాయనా అని అడగాలి. 1909లోనూ మా జాతివాడొకడు ఉండే ఉంటాడు. కొత్త పుస్తకం మూసి, "పాతదే బాగుందండీ" అనే ఉంటాడు.

అభిమానికి అసలు కష్టం మొహాల దగ్గర వస్తుంది. యండమూరి సీరియళ్ళ రోజుల్లో మా పిన్ని వారపత్రికలోంచి ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేది. కథ మంచి పట్టులో ఉండగా పేజీ తిప్పితే వెనకవైపు సగం గోంగూర పులిహోర ఉండేది, మిగతా సగం ఎటు పోయిందో తెలిసేది కాదు. ఆ బైండుల్లో ప్రతి హీరోకీ పిన్ని మనసులో ఒక మొహం ఉండేది. 1983లో 'అభిలాష' సినిమాగా వస్తే, "చిరంజీవి బాగానే చేశాడు గానీ, అతనిలా ఉండడు" అంది. అతనంటే ఎవరో మాకెవరికీ తెలీదు. బాబాయి మాత్రం కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు.

ఈ మొహాల తగాదాని తెలివిగా తప్పించుకున్నవాళ్ళు కన్నడంవాళ్ళు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'ని 1995లో 'బెళదింగళ బాలె'గా తీసి, నాయిక మొహం చూపించనేలేదు. ఎవరి నాయిక వాళ్ళకే మిగిలింది. పిన్ని కూడా వంక పెట్టలేకపోయింది.

బాపూరమణలతో వచ్చే చిక్కు ఇంకోరకం. 'బుడుగు' రాసింది ముళ్ళపూడి, గీసింది బాపు. ఏది ఎక్కువ అంటే చెప్పలేం. ఆ గీత లేకుండా బుడుగుని తలుచుకోండి చూద్దాం! 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడైనా బాపు బొమ్మలు మానలేదు. తియ్యబోయే షాట్లని ముందే బొమ్మలుగా వేసుకునేవారు. అందుకే 'ముత్యాలముగ్గు' చూస్తుంటే పేజీ తిప్పుదామని నా చెయ్యి లేస్తుంది.

ఇక ఇప్పటి తరం. మావాడికి చదవడం బద్ధకం గానీ వినడం ఇష్టం. సంతోషించి, విజయవాడ రేడియోలో ఉషశ్రీగారు చెప్పిన భారతం ఇంటర్నెట్లో వెతికి పెట్టిచ్చాను. ఆయన గొంతు వస్తుంటే వీధి వీధంతా చెవులు రిక్కించి వినేదని భూమిక కూడా కట్టాను. వాడు చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒకటిన్నర వేగంలో విన్నాడు. పద్దెనిమిది రోజుల కురుక్షేత్రం పన్నెండు రోజుల్లో ఫినిష్! భీష్ముడికి అంపశయ్య మీద నడుం వాల్చే వ్యవధి కూడా దొరకలేదు. పైగా "బావుంది నాన్నా, ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచినవాణ్ని, రామాయణం వెతికి పెట్టాను.

చివరికి తేలిందేమిటంటే, కథకి ఇల్లు మారడం కొత్త కాదు. దాని వెంట సామాను మోసుకుంటూ, పాత ఇల్లే బాగుండేదని సణుక్కుంటూ తిరిగేది మనమే. కాబట్టి మీకు తెలిసినవాళ్ళలో సినిమాలు మాత్రమే చూసేవాడికి ఒక పుస్తకం ఇవ్వండి. పుస్తకాల పురుగుని ఒక నాటకానికి తీసుకెళ్ళండి. దేన్నైనా ఒకటిన్నర వేగంలో వినేవాణ్ని విననివ్వండి. పక్కన కూర్చుని తరవాతేం జరగబోతోందో మాత్రం చెప్పకండి. కథ అయ్యాక ఏమన్నా ఫర్వాలేదు.